జానెడు ఎత్తు

మనిషిని గుంతలోంచి బయటికి తీసినందుకు మా ఆయన్ని లోపలేశారు బాబాయ్, అంది నీళ్ళ ట్యాంకరతని భార్య.

ఇంకో రోజైతే ఆ మాటకి నవ్వేవాణ్ణి. ఎక్కడ నవ్వాలో ఎక్కడ నవ్వకూడదో నాకు పుట్టుకతోనే తెలియదని మా అక్క తిడుతూనే ఉంటుంది. కానీ ఆవిడ కూర్చున్న తీరు చూసి నోరు మూసుకున్నాను. నా ఆఫీసులో మంచి కుర్చీ ఒక్కటే. అందులో కూర్చోబెడితే అంచు మీద, ఎవరో లేచిపొమ్మన్నట్టు కూర్చుంది.

ఈ పేటలో నన్నందరూ బాబాయనే పిలుస్తారు. నాకంటే పదేళ్ళు పెద్దవాళ్ళూ అంతే. బడికీ నాకూ ఏడో తరగతితో చెల్లు. బోర్డు మీద మాత్రం డిటెక్టివ్ అని ఎర్రరంగుతో రాయించాను. తప్పిపోయిన కుక్కలు, తప్పించుకు తిరిగే మొగుళ్ళు, వీళ్ళ పుణ్యాన రోజులు గడుస్తున్నాయి. ప్రాణం మీదికి వచ్చిన కేసు గుమ్మం తొక్కడం ఇదే మొదలు.

ఆవిడ చెప్పింది ఇది. నిన్న సెలవు. మిట్టమధ్యాహ్నం. ఎండకి జడిసి వాళ్ళ సందులో ఒక్క తలుపు తెరిచి లేదు. ప్లానింగ్ ఆఫీసు సర్వేయరు ఒక్కడే వచ్చి సందు మొదట్లో మూడుకాళ్ళ దుర్భిణి పెట్టుకుని కొలతలు తీస్తున్నాడు. ఒంటిగంట దాటాక ఈవిడ మొగుడు ట్యాంకరు నింపుకుని వచ్చాడు. అక్కడే రోడ్డు మీది వాననీళ్ళు చేరే గుంత ఉంది, దాని ఇనుప మూత కింద మూలుగు వినిపించింది. కొక్కెంతో మూత లేపి చూస్తే అడుగున సర్వేయరు, తల పగిలి ఉన్నాడు. భుజాన వేసుకుని పైకి తెచ్చి, ట్యాంకరులోనే ఆస్పత్రికి తీసుకుపోయాడు. సాయంత్రం అయ్యేసరికి పోలీసులు వచ్చి, ఆ కొక్కెం నీదేగా అని పట్టుకుపోయారు. సర్వేయరుకి ఇంకా తెలివి రాలేదు. తెలివి రాకుండానే పోతే ఈయన మీద హత్య కేసు.

ఎందుకు కొట్టాడంటారు, అని అడిగాను.

నీళ్ళమ్ముకుని బతికేవాడు కదా, కుంటలోకి మళ్ళీ నీళ్ళొస్తే వ్యాపారం పోతుందని కొట్టాడట. ఇన్‌స్పెక్టరు అలా అన్నాడని చెప్పి ఆవిడ గోడవైపు చూసింది.

ఈ కుంట సంగతి చెప్పాలి. మా అక్కావాళ్ళుండేదీ ఆ సందులోనే, దాని చివర ఓ కుంట ఉంది. వానాకాలంలో నిండేది. అది నిండితే సందులో బావులన్నీ నిండేవి. రెండేళ్ళ కిందట ప్లానింగ్ ఆఫీసువాళ్ళు, రోడ్ల మీద నీళ్ళన్నీ పట్టి కుంటలోకి పంపిస్తామని కొత్తకాలువ కట్టారు. కట్టాక కుంట ఎండిపోయింది. వానలు కురిశాయి, కుంట తడవలేదు. ముందు బావులు పోయాయి, తర్వాత బోర్లు పోయాయి, తర్వాత మనుషులు పోయారు. దర్జీ కొట్టు మూసేశాడు. బట్టలుతికేవాళ్ళు మూటలు కట్టుకుని వెళ్ళారు. మూడిళ్ళకొకటి చొప్పున అద్దెకివ్వబడును బోర్డులు, దిగేవాళ్ళు మాత్రం లేరు. ఎండిన కుంట ఎవరిక్కావాలి, ప్లాట్లు చేద్దాం అని ఇప్పుడు ఆఫీసువాళ్ళ ఆలోచన. సర్వేయరు వచ్చింది దానికోసమేనని సందులో అందరూ అనుకున్నారు.

స్టేషనుకి వెళ్ళాను. ఊచల వెనక ట్యాంకరతను మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా నీళ్ళు పట్టే చోట వరసలోనే ఉన్నాడట. ముందూ వెనకా ఉన్న డ్రైవర్లని అడగమన్నాడు. వాళ్ళంతా ఒకే పళ్ళెంలో తినేవాళ్ళు, ఒకే అబద్ధం చెప్తారు అని ఇన్‌స్పెక్టరు అప్పటికే కొట్టిపారేశాడట. సర్వేయరుతో మొన్న గొడవపడిన మాట నిజమేనా అని అడిగాను. నిజమేనన్నాడు. ప్లాట్లు గీయడానికి వచ్చాడని తిట్టానన్నాడు. తన ఇల్లూ ఆ సందులోనే. రోజంతా ఊరికి నీళ్ళు పోసొస్తాడు, ఇంట్లో పిల్లకి స్నానానికి చెంబులు లెక్కపెడతాడు.

వచ్చేస్తుంటే వెనక్కి పిలిచాడు.

"మూత చాలా బాగా మూసి ఉంది బాబాయ్. నాలుగు పక్కలా సరిగ్గా కూర్చోబెట్టి, పైన మట్టి కూడా సర్దారు. మా మగవాళ్ళెవరం అంత శుభ్రంగా ముయ్యం."

ఆ మాట విని తలూపాను. అంతే. అప్పుడు నాకది ఎక్కలేదు.

గుంత దగ్గర మా ఇస్త్రీ ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. ఆ పేరు నేనే పెట్టాను. అతని బట్టల మడతలతో కూరలు కొయ్యొచ్చు. చిన్నప్పుడు ఒకే బెంచీ. అతను పైకి చదివాడు, నేను బెంచీ మీదే ఆగాను. నన్ను చూడగానే, ఏడో తరగతివాళ్ళకి ఇక్కడ పనేం లేదన్నాడు. ఏడు దాకా నేను చూస్తా, ఎనిమిది నుంచి తమరు అందుకోండి అన్నాను. కానిస్టేబులు నవ్వబోయి దగ్గాడు.

ట్యాంకరతని భార్య తరఫున వచ్చాను, ఒక్కసారి దిగి చూస్తానన్నాను. ఏం దొరికినా తనకే ముందు చెప్పాలన్న షరతు మీద ఒప్పుకున్నాడు. అసలు సంగతి, తను దిగితే ప్యాంటు పాడవుతుంది.

దిగాను. గుంతలో నా తల పైకి కనపడేంత లోతే. పక్కపక్కనే రెండు నోళ్ళున్నాయి. ఒకటి ఊరి బయటి మురిక్కాలువలోకి పోయే పాత గొట్టం. దాని నోరంతా నల్లగా పాకుడు పట్టి, కుళ్ళిన ఆకులూ, షాంపూ పొట్లాలూ ఇరుక్కుని ఉన్నాయి. రెండోది కుంటవైపు పోయే కొత్తకాలువ. దాని నోరు పెళ్ళికూతురి పాదంలా ఉంది. తెల్లటి సిమెంటు, మరక లేదు. నోటికడ్డంగా సాలెపురుగు తీరిగ్గా గూడు కట్టి, దాంట్లో ఎప్పటివో ఎండు రెక్కలు వేలాడదీసింది. రెండు వానాకాలాల్లో ఈ నోట్లోకి చుక్క దిగలేదు.

రెండింటి అంచుల మధ్య అరచెయ్యి నిలువుగా చాపి పెట్టాను. బొటనవేలు పాత గొట్టం అంచుకి ఆనింది, చిటికెనవేలు కొత్తకాలువ అంచుకి అందింది. జానెడు. కుంటవైపు అంచు జానెడు ఎత్తులో ఉంది. ముందు కుంట నిండాలి, అది నిండాక మిగిలిందే మురిక్కాలువలోకి పోవాలి, కాలువ కట్టినప్పుడు చెప్పింది అదీ. ఇక్కడ తలకిందులైంది. సందు మీద కురిసిన వానంతా ఈ గుంత దాకా వచ్చి, కుంట మొహం చూడకుండా మురిక్కాలువలో పడి పోయింది.

ఆ చేతిని తియ్యబుద్ధి కాలేదు నాకు. దర్జీ వెళ్ళిపోయే రోజు మిషను బండి మీద ఎక్కించడానికి నేనే సాయం పట్టాను. ఏం చేస్తాం బాబాయ్, ఆకాశానికి మన మీద దయ లేదు అన్నాడు. ఆకాశం దయగానే ఉంది. జానెడు సిమెంటు అడ్డమొచ్చింది.

పైకొచ్చి ఇన్‌స్పెక్టరుకి చెప్పాను. అది మునిసిపాలిటీ గోల, నాకు నేరం కావాలి అన్నాడు. సరే నేరమే చెప్తా అన్నాను. దుర్భిణి ఇక్కడుంది, నంబర్లున్న కొలకర్ర అక్కడ పంపు షెడ్డు గోడకి ఆనించి ఉంది. దుర్భిణిలోంచి ఒకడు చూస్తుంటే, దూరంగా ఇంకొకడు కర్ర నిలబెట్టి పట్టుకోవాలి. ఒక్కడివల్ల అయ్యే పని కాదది. సర్వేయరు అసిస్టెంటు నిన్న రాలేదు. మరి కర్ర ఎవరు పట్టుకున్నారు?

ఇన్‌స్పెక్టరు మడత కొంచెం నలిగింది. ట్యాంకరతనే పట్టుకుని ఉంటాడన్నాడు.

"మొన్న బూతులు తిట్టుకున్నవాళ్ళు నిన్న కలిసి కర్ర పట్టుకున్నారా? పైగా ఆ కర్ర చూడండి. మూడు మడతలు పెట్టి, తోలుపట్టీ బిగించి, పురుగు పట్టకుండా ఇటుక మీద నిలబెట్టారు. మీ దొంగ చాలా పద్ధతైన మనిషి సార్."

అయితే ఆ పద్ధతైన మనిషిని సాయంత్రంలోగా తీసుకురా, నీ ట్యాంకరతన్ని వదిలేస్తా, లేకపోతే రేపు కోర్టుకి తోలేస్తా అన్నాడు. తెస్తానన్నాను. నోటి దూల.

దుర్భిణిని ఎవరూ ముట్టుకోకుండా నిన్నట్నుంచి కాపలా పెట్టారు. అంటే సర్వేయరు ఆఖరిగా దేన్ని చూశాడో దాన్నే అది ఇంకా చూస్తోంది. ఇన్‌స్పెక్టరు నన్ను ముట్టుకోనివ్వడు. అందుకని, సార్, మీ ప్యాంటు వెనకాల సున్నం అంటింది అన్నాను. పాపం, తోక పట్టుకోబోయే కుక్కపిల్లలా అక్కడే గుండ్రంగా తిరిగాడు. ఆ రెండు తిరుగుళ్ళలో నేను కన్ను ఆనించాను.

అందులో లోకం తలకిందులుగా కనిపిస్తుంది. ఇల్లు ఆకాశంలోంచి వేలాడుతోంది. గుమ్మం మెట్టు పైన, తలుపు కింద. అద్దంలోని నిలువుగీత సరిగ్గా ఆ మెట్టు మీద ఉంది. తలుపు పక్కన పోస్టుడబ్బా, దాని మీద నల్లరంగుతో మీసాలు. ఆ మీసాలు నేను వేసినవే. మా బావకి మీసాలు రావని ఏడిపించడానికి వేశాను. నెలరోజులు నాతో మాట్లాడలేదు, తుడిచెయ్యనూ లేదు.

నా చెయ్యి దుర్భిణి కాలు మీద ఉంది. కొంచెం నెడితే చాలు, అది ఇంకో ఇంటిని చూస్తుంది. కుర్చీ అంచు మీద కూర్చున్న ఆవిడ గుర్తొచ్చింది. చెయ్యి తీసేశాను. ఏం కనిపించిందని ఇన్‌స్పెక్టరు అడిగాడు. సున్నం లేదు సార్, నా కళ్ళే బాలేవన్నాను.

మా బావ తూనికలు కొలతల డిపార్టుమెంటులో పనిచేసి రిటైరయ్యాడు. ఎన్ని కొట్లలో తప్పుడు రాళ్ళు పట్టాడో లెక్కలేదు. ఇంట్లో పాలు కూడా కొలిచి పోయించుకునేవాడు. సందు కమిటీకి ప్రెసిడెంటు. కుంట ఎండినప్పట్నుంచి ప్లానింగ్ ఆఫీసు ముందు ధర్నాలు చేయించింది, అధికారుల్ని నిలబెట్టి కడిగేసింది ఆయనే. నేను వెళ్ళేసరికి వరండాలో కూర్చుని పేపరు చూస్తున్నాడు. పేజీ తిప్పడం లేదు. మామూలుగా అయితే ఏరా బామ్మర్దీ, ఎవరి కుక్కని పట్టుకున్నావు అంటాడు. ఇవాళ కూర్చో అన్నాడు.

కూర్చోలేదు. మెట్టు దగ్గర వంగి చూశాను. నున్నటి గ్రానైటు మధ్యలో పాత నల్లరాయి ఒకటి పొదిగి ఉంది. దాని మీద ఉలితో చెక్కిన గీత, కింద బాణం గుర్తు. ఇన్నేళ్ళు దాన్ని తొక్కే లోపలికి వెళ్ళాను, ఏమిటని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడిగాను.

బావ పేపరు మడిచాడు. నాలుగు మడతలు, అంచుకి అంచు కలిపి. సందు మొదట వేసినప్పుడు సర్వే వాళ్ళు చెక్కిన గుర్తట అది. ఈ పేటలో రోడ్డైనా కాలువైనా దాని ఎత్తు నుంచే కొలుచుకుంటారట. రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరిగి ఇంట్లోకి నీళ్ళొస్తున్నాయని ఆయన మూడేళ్ళ కిందట గుమ్మం లేపించాడు. మేస్త్రీ ఈ రాయిని పగలగొట్టి పారేద్దామన్నాడు. ఈయన ఒప్పుకోలేదు. గవర్నమెంటు గుర్తు, పోగొట్టకూడదని దగ్గరుండి తీయించి, కడిగించి, కొత్త మెట్టులో మళ్ళీ భద్రంగా పెట్టించాడు.

జానెడు పైన.

పారేసి ఉంటే సర్వేయరు వచ్చి గుర్తు కనపడక ఇంకో చోటునుంచి కొలుచుకునేవాడు. ఉంది కాబట్టి నమ్మాడు. గుర్తు జానెడు లేచింది, దాన్ని చూసి కట్టిన కొత్తకాలువ మొత్తం జానెడు లేచింది.

"నాకు నిన్నటి దాకా తెలియదురా. నిన్న ఆ అబ్బాయి పాత వంతెన దగ్గర గుర్తునుంచి కొలుచుకుంటూ వచ్చాడు. కర్ర పట్టుకోవడానికి మనిషి లేడంటే నేనే పట్టుకున్నాను. మన మెట్టు మీద నిలబెట్టాను. అతను చూసి, మళ్ళీ చూసి, ఈ రాయిని ఎప్పుడైనా కదిపారా మాస్టారూ అని అడిగాడు."

ఆ తర్వాత చెప్పింది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. సర్వేయరుకి సంతోషం పట్టలేదట. కాలువకి కొలతలిచ్చింది తనే కాబట్టి, రెండేళ్ళుగా తప్పు తనదేనని ఆఫీసులో అందరూ పొడుస్తున్నారు. గుంత మూత తీసి చూపించాడు, ఈ అంచు జానెడు పగలగొడితే చాలు, వచ్చే వానకి కుంట నిండుతుంది, ప్లాట్లూ గీట్లూ ఉండవన్నాడు. బావ చేతులు పట్టుకున్నాడు. అంచు పగలగొట్టించు, మెట్టు సంగతి మాత్రం బయటపెట్టకు అని బతిమాలాడు. ఎలా కుదురుతుంది మాస్టారూ, కారణం రాయాలి కదా అని ఆ అబ్బాయి చెయ్యి విడిపించుకున్నాడు. ఆ విదిలింపులో కాలు జారి గుంతలో పడ్డాడు. తల సిమెంటు అంచుకి కొట్టుకుంది.

ఏ అంచుకో నేను అడగలేదు.

ఎదురింటికి తాళం వేసి ఉంది. ఆ ముసలాయన కొడుకు దగ్గరికి వెళ్తూ, ప్రెసిడెంటుగారూ, మీరొక్కరే మాకోసం కొట్లాడారు అని బావకి దణ్ణం పెట్టి వెళ్ళాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ దణ్ణం ఇప్పుడు ఈయన ఎక్కడ పెట్టుకుంటాడు? ఎన్ని వేళాకోళాలాడానో ఈ మనిషితో.

జారి పడ్డాడని చెప్తే నమ్ముతారు బావా, అన్నాను. కానీ పడ్డ మనిషిని వదిలేసి మూత ఎందుకు మూశావు? అక్కడే చిక్కంతా.

బావ అయోమయంగా తలెత్తాడు.

"మూతా? నేను మూయలేదురా. కర్ర మడిచి గోడకి పెట్టాను, చేతులకి ఏదో ఒక పని కావాల్సొచ్చింది. గుంత తెరిచే ఉంది. ఇంటికొచ్చి పడ్డాను. తెరిచున్న గుంత కదా, ఎవరో ఒకరు చూస్తారు, తీస్తారు అనుకున్నాను."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కొంగుతో చేతులు తుడుచుకుంటోంది, తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకుంటోంది. మూసింది నేను, అంది.

నేను గబగబా మాట్లాడేశాను. ఎవరైనా పిల్లలు పడిపోతారని మూసుంటావు, లోపల మనిషున్నాడని నీకేం తెలుసు, నువ్వసలు చూసే ఉండవు అన్నాను. సాక్షికి మాటలు అందించకూడదని నాకూ తెలుసు. తలూపితే చాలు అక్కా అని కళ్ళతోనే బతిమాలాను. చిన్నప్పుడు నా అల్లరికి ఎన్నిసార్లు తలూపి నన్ను కాపాడిందో.

"చూశాను" అంది. "మూలుగుతున్నాడు కూడా."

బావ చేతిలో పేపరు కింద పడింది.

అక్క ఆయనవైపు చూడలేదు, నాకే చెప్పింది. మెట్టు దగ్గర వాళ్ళ మాటలు లోపల్నుంచి విందట, ఈయన ఒక్కడే తిరిగిరాగానే గుంత దాకా వెళ్ళి చూసిందట. సందులో ఆడవాళ్ళంతా బిందెలు పట్టుకుని ఈ గుమ్మం ముందునుంచే పోతారు. రేపట్నుంచి ఆ రాయిని చూసుకుంటూ పోతారు. ఈయన ఒక్కరోజు కూడా తట్టుకోలేడు. అంతే అనుకున్నాను, ఇంకేం అనుకోలేదు అంది. మూత బరువుగా ఉంటే కాలితో నెట్టిందట. పక్కకి పోతే సరిచేసిందట.

ట్యాంకరతను ఊచల వెనకనుంచి చెప్పినప్పుడు ఎక్కని మాట ఇప్పుడెక్కింది.

జేబులో ఫోను మోగింది. ఇన్‌స్పెక్టరు. గొంతులో ఇస్త్రీ లేదు.

"సర్వేయరు పోయాడు బాబాయ్. ఇప్పుడే. ఇక ఇది హత్య కేసు. మీ ట్యాంకరతని మీద రాసేస్తున్నాను. కొలకర్ర మనిషిని తెస్తానన్నావు, దొరికాడా లేదా?"

ఫోను చెవిదగ్గరే పెట్టుకుని నిలబడ్డాను. అటునుంచి బాబాయ్, బాబాయ్ అంటున్నాడు. లేడు, దొరకలేదు అనడానికి రెండు మాటలు చాలు. వాటికోసం నోట్లో వెతుక్కుంటున్నాను.

అక్క చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వరా."

ఇచ్చాను.